అలవాటా, వ్యసనమా? మా తమ్ముడి విషయంలో సలహా కావాలి

కొత్తపేట_అక్క (గుంటూరు)
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా తమ్ముడు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. పెళ్ళయింది, ఒక పాప. సీజన్‌లో తెల్లవారకముందే వెళ్ళిపోతాడు, ఆ ఘాటులో, ఆ మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య రోజంతా నిలబడి పని. మందు తాగుతాడని మాకు ఎప్పటినుంచో తెలుసు, ఒళ్ళు నొప్పులకి యార్డులో అందరూ వేసుకునేదే కదా అని ఇంట్లో ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు రోజూ తాగుతున్నాడు. అడిగితే "అలవాటక్కా, అంతే. మానాలనుకుంటే రేపే మానేస్తా" అంటాడు. నిరుడు క్రిస్మస్ ముందు మానేశాడు కూడా, కొత్త సంవత్సరం ఆరాధన దాకా ముట్టుకోలేదు, ఆ తర్వాత మళ్ళీ మామూలే, ఇంకాస్త ఎక్కువే.

ఈమధ్య ఒకటి గమనించాను. పొద్దున్న టీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. అయినా టీ సాసర్లోకి ఒలికిపోతోంది. "ఇప్పుడే వస్తా" అని చెప్పులేసుకుని సందు చివరిదాకా వెళ్ళి పావుగంటలో వచ్చేస్తాడు, అప్పుడు చూస్తే చేతులు కుదురుగా ఉంటాయి, నోట్లో యాలక్కాయ ఉంటుంది.

వచ్చే శుక్రవారం నుంచి మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టించి, వాణ్ణి గదిలో ఉంచి బయట గడియ పెడదాం, ప్రభువే విడిపిస్తాడు అంటోంది మా అమ్మ. ప్రార్థన మీద నాకూ నమ్మకం ఉంది. కానీ ఎందుకో భయంగా ఉంది. ఇది అలవాటో వ్యసనమో ఎలా తేల్చుకోవాలి? తేలాక ఏం చేయాలి?

ప్రార్థనా_మిత్రుడు (తెనాలి)
ఆమెన్. మీ కుటుంబం కోసం ప్రార్థిస్తున్నాం సిస్టర్.

నైట్_డ్యూటీ_సిస్టర్ (విజయవాడ)
అక్కా, ముందు ఒక్క మాట. గదిలో పెట్టి గడియ పెట్టొద్దు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ఇది మాత్రం అమ్మగారికి ఈ రాత్రే చెప్పండి.

నేను మెడికల్ వార్డులో నర్సుని. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే శరీరం తిరగబడుతుంది. మొదటి రోజే వణుకు, చెమటలు, గుండెదడ. ఒకటి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి చెదిరిపోతుంది, దాన్ని డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు, సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. అలా వచ్చిన ఒకాయన రాత్రంతా దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరి, ఒక్కొక్కటే కింద పారేస్తూ, "అమ్మా, కాస్త లైటు వెయ్యి, ఇంకా ఉన్నాయి" అని నన్ను బతిమాలుతూనే ఉన్నాడు. లైటు వెలుగుతూనే ఉంది. వాళ్ళింట్లోవాళ్ళు దయ్యం పట్టిందనుకుని అప్పటికే ఒక రోజు ఆలస్యం చేశారు. ఇంకొంచెం ఆగి ఉంటే ఏమయ్యేదో. అందులోనూ మీవాళ్ళు పెట్టేది ఉపవాసం. తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్ ముందే తక్కువగా ఉంటుంది, తిండి కూడా మాన్పిస్తే మెదడుకే ప్రమాదం. అందుకే వార్డులో గ్లూకోజు కన్నా ముందు థయమిన్, అంటే ఆ బి1 ఇంజెక్షనే ఇస్తారు.

ఇక మీరు అడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ జబ్బుల జాబితా ఐసీడీ-10లో దీనికి ఆరు గుర్తులున్నాయి, గడిచిన ఏడాదిలో వాటిలో మూడు కలిసి కనబడితే వ్యసనం కిందే లెక్క. తాగాలని ఆపుకోలేని యావ, మొదలుపెడితే ఎక్కడ ఆపాలో చేతిలో లేకపోవడం, ఆపితే వణుకు లాంటి బాధలు, అదే మత్తు రావడానికి రోజురోజుకీ మోతాదు పెరగడం, తాగుడు తప్ప మిగతా సంతోషాలు వెనక్కి పోవడం, నష్టం కళ్ళెదుట కనబడుతున్నా మానలేకపోవడం. మీరు రాసిన ఆ టీ గ్లాసు సంగతి చాలు నాకు. అలవాటుగా సాయంత్రం తాగేవాడికి పొద్దున్న చేతులు వణకవు.

బీటెక్_బ్రదర్ (గుంటూరు)
సిస్టర్ గారూ, ఒక డౌట్. మా నాన్నకి పొద్దున్న కాఫీ పడకపోతే తలనొప్పి, సాయంత్రానికి మంచమెక్కేస్తారు. అదీ వ్యసనమేనా మరి? నా సంగతి కూడా ఉంది, రాత్రి పడుకునే ముందు రీల్స్ చూడటం మొదలుపెడితే ఒంటిగంట అయిపోతుంది. మా యూత్ కూడికలో ఒక బ్రదర్ ఇదంతా బానిసత్వమే అన్నారు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది.

నైట్_డ్యూటీ_సిస్టర్ (విజయవాడ)
కాఫీ తలనొప్పి నిజమే తమ్ముడూ, మానేసిన మర్నాటికి మొదలవుతుంది, కొన్ని రోజుల్లో పోతుంది. శరీరం ఒకదానికి అలవాటుపడటం, మనిషి దానికి లొంగిపోవడం రెండూ ఒకటి కాదు. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్ళు ఒక్కసారిగా ఆపేసినా తల తిరుగుతుంది, అంతమాత్రాన వాళ్ళని వ్యసనపరులంటామా? మీ నాన్నగారు కాఫీ కోసం అబద్ధం ఆడుతున్నారా, అప్పు చేస్తున్నారా? లేదుగా. అటు పక్క కూడా చూడు, పేకాట బెట్టింగుల్లో శరీరానికి పడే మత్తుమందు ఏదీ లేదు, అయినా మనుషుల్ని మింగేస్తుంది. గేమింగ్ వ్యసనాన్ని కూడా 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో జబ్బుగానే చేర్చారు. నీ రీల్స్ సంగతికొస్తే, ఫోను ముందు గదిలో పెట్టి పడుకో. చిరాకేసినా నిద్రపోగలిగితే అది అలవాటు. లేచివెళ్ళి తెచ్చుకుంటున్నావా, అమ్మ నిద్రపోయేదాకా ఆగి తెచ్చుకుంటున్నావా, అప్పుడు మళ్ళీ ఇక్కడ రాయి, మాట్లాడుకుందాం.

మంగళగిరి_కాపరి
కొత్తపేట అమ్మా, వందనాలు. నర్సమ్మగారి మాటే నా మాట. మీ అమ్మగారికి నా పేరు చెప్పి, పాస్టర్ కూడా ఇదే అన్నాడని చెప్పండి. పౌలు వెంట ప్రయాణాలు చేసిన లూకా వైద్యుడు, కొలొస్సయులకు రాసిన పత్రికలో "ప్రియుడైన వైద్యుడు" అని ఆయన్ని ముద్దుగా పిలుచుకున్నాడు పౌలు. వైద్యుణ్ణి పక్కన పెట్టుకుని సువార్త ప్రకటించిన అపొస్తలుడికి విశ్వాసం తక్కువైందా? ఉపవాసం మీరు చేయండి, మీ అమ్మగారు చేయనివ్వండి. అబ్బాయి మాత్రం ఆసుపత్రిలో అన్నం తినాలి.

అలవాటు, వ్యసనం మధ్య తేడాని పాతకాలం విశ్వాసులు కూడా బాగా గమనించారు. సంఘ చరిత్రలో గొప్ప బోధకుడైన అగస్టీను గారి తల్లి మోనికా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇంట్లో పీపాలోంచి ద్రాక్షారసం తెమ్మని పంపేవాళ్ళట. మొదట పెదవి తడుపుకునేది. తర్వాత రోజుకి ఇంకాస్త, ఇంకాస్త, చివరికి గిన్నెలు ఖాళీ చేసే స్థితికి వచ్చింది. ఒకరోజు పనిపిల్లతో తగవొచ్చి, ఆ పిల్ల కోపంలో తాగుబోతుదానివని మొహం మీదే అనేసింది. ఆ మాట ఎంత గుచ్చుకుందో, అప్పటికప్పుడే మానేసింది మోనికా. అదే ఇంట్లో కొడుకు సంగతి చూడండి. గొప్ప చదువు, గొప్ప బుద్ధి, కామం విషయంలో మాత్రం మానాలని ఏళ్ళ తరబడి ఏడ్చినా మానలేకపోయాడు. కోరికకి లోబడుతూ పోతే అది అలవాటైందని, అలవాటుని ఎదిరించకపోతే అదే తప్పనిసరైపోయిందని తన గురించి తనే రాసుకున్నాడు. 386లో మిలాన్‌లో ఒక తోటలో ఆయన చేతికొచ్చిన వాక్యం రోమా 13లోది, మత్తు గురించి, పోకిరీ చేష్టల గురించి రాసిన చోటు, అది చదివాకే ఆయన మారాడు. తల్లికి ఒక్క మాట సరిపోయింది, కొడుక్కి దేవుడే దిగిరావాల్సి వచ్చింది. ఇద్దరూ ప్రభువు పిల్లలే. ఒక్క మాటతో మానగలిగినవాళ్ళు మానలేనివాళ్ళని చులకనగా చూస్తేనే సంఘంలో సగం మంది నోరు మూతపడిపోతుంది.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6:12 మీ తమ్ముడికి చదివి వినిపించండి, "నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను". తాగడం తప్పా ఒప్పా అన్న వాదనలోకి దిగకండి, దానికి వాళ్ళ దగ్గర బోలెడు జవాబులుంటాయి. నీ మీద పెత్తనం ఎవరిదిరా అని మాత్రం అడగండి.

ఆటోనగర్_బ్రదర్ (విజయవాడ)
అక్కా, నేను తాగి మానినవాణ్ణే, లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. మీ తమ్ముడు "రేపే మానేస్తా" అన్నది అబద్ధం కాదు, ఆ మాట అనేటప్పుడు వాడు దాన్ని నమ్మే అంటాడు. క్రిస్మస్‌కి మానడం కూడా నిజమే. కానీ ఆ రోజులు ఎలా గడిచాయో అడగండి. అలవాటున్నవాడు మానేస్తే దాన్ని మర్చిపోయి తిరుగుతాడు. వ్యసనం ఉన్నవాడు మాత్రం తాగని రోజున కూడా దాని చుట్టూనే ఉంటాడు, పండగ ఎప్పుడైపోతుందా, ఎవరు పిలుస్తారా, ఎవరింట్లో ఉంటుందా అని. సామెతలు 23 చివర చదవండి. కొట్టారు, నొప్పి తెలియలేదు, నిద్ర ఎప్పుడు లేస్తానా, మళ్ళీ దాన్నే వెతుక్కుంటాను అంటాడక్కడ. తాగినవాడి మనసు తెలిసినవాడే రాసినట్టుంటుంది.

విడుదల గురించి కూడా చెప్తాను, మన కూడికల్లో సాక్ష్యాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి. ఫలానా రాత్రి అయ్యగారు తల మీద చెయ్యి పెట్టారు, ఆ రాత్రే వాసన పడలేదు, అంటారు. దేవుడు అలా చేస్తాడు, చేసినవాళ్ళని చూశాను కూడా. నాకు మాత్రం అలా జరగలేదు. ప్రభువుని నమ్మింది ఒక రాత్రే, మందు వదిలింది మాత్రం మెల్లగా, ఆసుపత్రిలో మొదలై, సంఘంలో ఒక పెద్దాయన వల్ల. ఆయన రోజూ సాయంత్రం, సరిగ్గా షెడ్డు మూసే వేళకి ఫోన్ చేసేవాడు. "ఎక్కడున్నావురా" అంతే, వాక్యం చెప్పేవాడు కాదు. నేను అబద్ధం ఆడితే గొంతులోనే పట్టేసేవాడు. యాకోబు 5:16 "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అంటుందిగా, నాకు అది అర్థమైంది ఆ ఫోన్‌లోనే. దేవుడి దగ్గర ఒప్పుకోవడం మనకి సులువు, మోకాళ్ళ మీద చీకట్లో ఎన్నిసార్లయినా ఒప్పుకుంటాం. ఇవాళ వైన్‌షాపు ముందు రెండుసార్లు తిరిగానన్నా అని ఒక మనిషితో చెప్పడమే కష్టం. చెప్పిన రోజు తాగేవాణ్ణి కాదు. ఎందుకో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు, కానీ దాచుకోనిదాన్ని అది పట్టుకోలేకపోయింది.

హేతువు (విజయవాడ)
నేను మీ మతం వాణ్ణి కాదు, నమ్మకమూ లేదు. పోట్లాటకి రాలేదు, తెలుసుకోవాలని అడుగుతున్నా. సీసా వదిలి బైబిలు పట్టుకోవడం ఒకదాని బదులు ఇంకొకటి పట్టుకోవడమే కదా? రోజూ కూడిక, రోజూ ఫోను, లేకపోతే పడిపోతానన్న భయం. దీన్ని స్వేచ్ఛ అని ఎలా అంటున్నారు?

మంగళగిరి_కాపరి
మంచి ప్రశ్న వేశారు సార్, ఇక్కడ అడిగినందుకు సంతోషం. నర్సమ్మగారు చెప్పిన గుర్తులతోనే చూడండి. వ్యసనం మనిషిని రోజురోజుకీ ఇరుకు చేస్తుంది, భార్య పోతుంది, పని పోతుంది, పిల్లల మొహం చూడటం పోతుంది, చివరికి ఆ ఒక్కటే మిగులుతుంది. భక్తి కూడా అలా చేస్తుంటే, అంటే కూడికల పేరు చెప్పి ఇల్లు పట్టకుండా తిరుగుతుంటే, మీరన్నది అక్షరాలా నిజం, అలాంటివాళ్ళని నేనూ గద్దిస్తాను. ఈ ఆటోనగర్ బ్రదర్ ఇల్లు మాత్రం చూడండి, జీతం ఇంటికొస్తోంది, మనిషి ఇంటికొస్తున్నాడు. మత్తయి 12లో ప్రభువు ఒక ఇంటి గురించి చెప్పాడు. దయ్యం వెళ్ళిపోయింది, ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది, కానీ ఎవరూ లేరు, అది ఏడుగురిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. మానేయడం ఊడ్చడం వరకే. ఆ ఇంట్లో ఎవరుండాలి అన్నది మిగిలే ఉంటుంది. క్రీస్తు ఉండాలని మేం నమ్ముతాం, "కుమారుడు మిమ్మును స్వతంత్రులనుగా చేసినయెడల మీరు నిజముగా స్వతంత్రులై యుందురు" అన్న యోహాను 8:36 మాకు ఉత్త పాట కాదు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం, మీరు వినే ఉంటారు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్ అనే తాగుడు మానిన స్టాక్ వ్యాపారి, డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి మొదలుపెట్టారు. వాళ్ళిద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసంలో తిరిగినవాళ్ళే, ఒకరితో ఒకరు ఒప్పుకోవడం, నష్టపోయినవాళ్ళకి సరిచేయడం అక్కడ నేర్చుకున్నవే. తర్వాత అన్ని మతాలవాళ్ళూ, ఏ మతమూ లేనివాళ్ళూ రాగలిగేలా "మేం అర్థం చేసుకున్న మేరకు దేవుడు" అని విశాలం చేశారు. మీలాంటివారు కూడా ఆ మీటింగులకి వెళ్తారు, వెళ్ళి మానినవాళ్ళున్నారు. కాదనను.

హేతువు (విజయవాడ)
ఇరుకు చేస్తోందా లేదా అని చూడమన్నారు, అది ఒప్పుకుంటాను. మిగతాది మీ నమ్మకం. ఆ అక్క ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తే చాలు నాకు.

పట్టాభిపురం_తల్లి (గుంటూరు)
ఇంతసేపు చదువుతూ ఉన్నాను, ఇప్పుడు రాయకపోతే నిద్ర పట్టదు. మా ఆయన మందు ముట్టడు, మాది ఆన్‌లైన్ రమ్మీ. 2020లో మన రాష్ట్రంలో నిషేధించారు, అయినా ఫోన్‌లో వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించుకుని ఆడేవారు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది, హమ్మయ్య అనుకుంటే క్రికెట్ బెట్టింగుకి మళ్ళారు. అందుకే చెప్తున్నాను, దుకాణం మూసేస్తే వ్యసనం పోదు.

అప్పట్లో మేం వెళ్ళే సంఘం పెద్ద ఒకాయన "సహించమ్మా, భార్య సహనమే భర్తని రక్షిస్తుంది" అనేవారు. సహించడమంటే అప్పు తీర్చడమే అనిపించేలా చెప్పారు. నా గొలుసు, మా అమ్మ ఇచ్చిన గాజులు, అన్నీ అలాగే పోయాయి. కట్టిన ప్రతిసారీ ఆయన ఏడ్చేవారు, నిజంగానే ఏడ్చేవారు, నెల తిరక్కముందే మళ్ళీ అప్పులవాళ్ళ ఫోన్లు. ఇంకో పాస్టరమ్మగారు నన్ను కూర్చోబెట్టి, "ఆయన కోసం ప్రార్థించు, ఆయన అప్పుకి మాత్రం సంతకం పెట్టకు" అన్నారు. జీతం అకౌంటు నా చేతికి వచ్చింది, ఫోన్‌లో యాప్‌లు తీయించాం, డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. కొత్తపేట సిస్టర్, మీ మరదలిని మర్చిపోకండి. అందరూ తమ్ముడి చుట్టూ చేరతారు, ఆ పిల్ల మూల నిలబడి ఉంటుంది. కొడుతున్నాడేమో అడగండి. కొడుతుంటే పాపని తీసుకుని ముందు ఆమె అక్కణ్ణుంచి రావాలి, అది విశ్వాసం లేకపోవడం కాదు.

ఇంకొకటి, ఎవరో ఒకరు "కూరలో కలిపే మందు ఉంది, వాడికి తెలియకుండా పెట్టండి" అంటారు. నాకూ మా చుట్టాలమ్మాయి కోసం ఒకరు చెప్పారు.

నైట్_డ్యూటీ_సిస్టర్ (విజయవాడ)
అది మాత్రం అస్సలు వద్దు. అది ఎక్కువగా డైసల్ఫిరామ్ అనే మందే అయి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండెకే ప్రమాదం రావచ్చు. తాగేవాడికి చెప్పి, అతను ఒప్పుకుని, డాక్టరు చూస్తూ ఉంటేనే వాడాల్సిన మందు. తెలియకుండా పెట్టినవాళ్ళు చేజేతులా హాని చేసినట్టే. యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి వేరే ఉన్నాయి, ఏది సరిపోతుందో సైకియాట్రిస్టే చెప్పాలి.

గుంటూరులో జీజీహెచ్‌కి, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్ళండి, మానసిక వైద్య విభాగం ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. ఎవరితోనైనా ముందు ఫోన్‌లో మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. డాక్టరుకి చివరిసారి ఎప్పుడు తాగాడో, రోజుకి ఎంతో నిజం చెప్పించండి, మందుల మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. వెళ్ళే లోపు మీరే బలవంతంగా ఆపించొద్దు. ఫిట్స్ వచ్చినా, మాట తికమకగా ఉన్నా ఇంకో రోజు చూద్దామని ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

అరండల్‌పేట_అంకుల్ (గుంటూరు)
తాగుడు గురించి ఇంత మాట్లాడతాం, ఖైనీ గురించి ఏ సంఘంలోనూ ఒక్క మాట ఉండదు. పొగాకు బోర్డు ఆఫీసున్న ఊరు మనది, మన ఊళ్ళల్లో చాలామంది పిల్లల ఫీజులు పొగాకు పంట మీదే కట్టాం, అందుకే నోరు రాదేమో. ఆరాధన అయ్యీ అవగానే గోడ పక్కకి వెళ్ళి అరచేతిలో సున్నం నలిపే పెద్దల్ని చూశాను, వాళ్ళే లోపల తాగుబోతుని నిలబెట్టి అడుగుతారు. వాళ్ళకీ విడుదల కావాలి. పొగాకు మానాలనుకునేవాళ్ళకి 1800 11 2356 అని ప్రభుత్వ క్విట్‌లైన్ ఉంది, రాసిపెట్టుకోండి.

కొత్తపేట_అక్క (గుంటూరు)
అందరికీ కృతజ్ఞతలు. అమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను. పాస్టర్ గారు లూకా గురించి రాసింది విని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "గడియ వద్దులే" అంది. మరదలిని విడిగా అడిగాను, చెయ్యి చేసుకోలేదంది, కానీ పాప స్కూలు ఫీజు డబ్బులు రెండుసార్లు పోయాయట, మాకెవ్వరికీ చెప్పలేదు. రాత్రి తమ్ముడితో కూర్చున్నాను. మానతావా అని అడగలేదు, "పొద్దున్న చేతులు ఎందుకు వణుకుతున్నాయిరా" అని అడిగాను. చాలాసేపు తల దించుకుని, "భయంగా ఉందక్కా, ఆపితే ఏదో అయిపోతోంది" అన్నాడు. సోమవారం జీజీహెచ్‌కి వస్తానన్నాడు. శుక్రవారం ఉపవాస ప్రార్థన అమ్మ, నేను, మరదలు చేస్తాం.

ఇంకో రెండు సందేహాలు. సంఘంలో ఎవరెవరికి చెప్పాలి? మా సంఘంలో ప్రభురాత్రి భోజనానికి అసలు ద్రాక్షారసమే ఇస్తారు, వాడు మానాక ఆ గిన్నె సంగతేంటి?

మంగళగిరి_కాపరి
సంఘమంతటికీ చెప్పకండమ్మా. సాక్ష్యం పేరుతో మైకు ముందు నిలబెట్టకండి, ఎవరు నిలబెడతామన్నా మీరు అడ్డుపడండి. కొత్తగా మానినవాడు అందరి ముందూ విడుదల పొందానని చెప్పి, తర్వాత జారితే, సిగ్గుతో ఇక గుమ్మం తొక్కడు. మీ పాస్టర్ గారికి, నోరు అదుపులో ఉన్న ఒక పెద్దాయనకి చెప్పండి, చాలు. ఆయన రోజూ ఫోన్ చేయగలడా అని ముందే అడగండి. జారితే ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి. జారినవాణ్ణి మళ్ళీ డాక్టరు దగ్గరికి, మళ్ళీ ఆ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాలి, అంతేగానీ శిక్షగా మూడు నెలలు ప్రభు బల్లకి, అంటే ఆ భోజనానికి దూరంగా ఉంచడం కాదు.

గిన్నె విషయం మీ పాస్టర్ గారితో ముందే మాట్లాడండి. చాలా సంఘాల్లో పులియని ద్రాక్షరసమే ఇస్తారు. మీ సంఘంలో కుదరకపోతే అబ్బాయి రొట్టె మాత్రం తీసుకోవచ్చు, దానివల్ల అతనికి ఏ లోటూ రాదని ఆయన్నే చెప్పమనండి. అడగడానికి మీకు మొహమాటమైతే ఆయన నంబరు నాకు పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి, నేను మాట్లాడతాను.

ఆటోనగర్_బ్రదర్ (విజయవాడ)
సోమవారం నాకు పని లేదక్కా. మీరూ తమ్ముడూ సరేనంటే పొద్దున్నే బస్సెక్కి గుంటూరు వస్తాను, ఓపీ లైన్లో వాడి పక్కన నిలబడతాను. ముందు వాణ్ణి అడిగి చెప్పండి.